ఆవిరి కాని ద్రవాలు: ఎక్కడ నెగ్గాయి, ఎక్కడ ఇరుక్కున్నాయి

యూరియా బస్తా చూడని రైతు ఇల్లు ఉండదు. కోళ్ల ఫారాలు నడిపేవాళ్లకు కోలిన్ క్లోరైడ్ కూడా తెలుసు, దాణాలో కలిపే పోషకం అది. రెండూ తెల్లటి పొడి సరుకులే. యూరియా విడిగా కరగాలంటే 133 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి. కోలిన్ క్లోరైడ్ అయితే 300 డిగ్రీలకు గానీ లొంగదు, ఆ వేడికి కరుగుతూనే విడిపోతుంది కూడా. ఇప్పుడు శుద్ధమైన కోలిన్ క్లోరైడ్ 140 గ్రాములు, యూరియా 120 గ్రాములు ఒక బీకరులో వేసి, 80 డిగ్రీల దగ్గర ఉంచి కలుపుతూ పోతే ఏమవుతుంది? కాసేపటికి పొడి తడితడిగా ముద్ద కడుతుంది. అంచుల్లో జారడం మొదలవుతుంది. చివరికి మొత్తం తేటపడుతుంది. అందులో ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. చల్లారాక కూడా గడ్డకట్టదు. చూడటానికి నీళ్లలా ఉంటుంది, ఒంపితే ఆముదంలా జారుతుంది. 12 డిగ్రీలకు దిగితే తప్ప గట్టిపడదు. లంబసింగి చలికాలపు రాత్రికి గట్టిపడుతుందేమో గానీ, విజయవాడలో అల్మరాలో పెడితే ఏడాది పొడుగునా ద్రవమే. (దాణా కోసం అమ్మే కోలిన్ క్లోరైడ్‌తో ఇది చేయబోతే కుదరదు. అందులో ఎక్కువగా దొరికేది మొక్కజొన్న బెండు పొడికి పట్టించిన 60 శాతం సరుకు. బీకరు అడుగున బురద మిగులుతుంది.)

ఈ మిశ్రమాన్ని ఇంగ్లండులోని లెస్టర్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ అబ్బాట్ బృందం 2003లో వివరించింది. దీన్ని డీప్ యుటెక్టిక్ ద్రావణి అంటారు, అంటే విడివిడిగా కంటే కలిసినప్పుడు చాలా తక్కువ వేడికే కరిగే మిశ్రమం. ద్రావణి అంటే సాల్వెంట్, వేరే పదార్థాలను తనలో కరిగించుకునే ద్రవం. కచ్చితంగా మాట్లాడేవాళ్లు దీన్ని అయానిక ద్రవం అని ఒప్పుకోరు, యూరియాలో అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు, లేవు కదా అంటారు. చుట్టరికం మాత్రం దగ్గరిదే. గత పాతికేళ్లుగా కెమిస్టులను, రిఫైనరీలను, బట్టల మిల్లులను, బ్యాటరీ కంపెనీలను ఊరిస్తున్న అయానిక్ లిక్విడ్స్ అనే పెద్ద కుటుంబాన్ని పరిచయం చేయడానికి ఇంతకంటే చవకైన ప్రయోగం దొరకదు.

అయానిక ద్రవం అంటే ఒక్క మాటలో, ద్రవంగా ఉండే ఉప్పు. ఉప్పునీళ్లు కాదు. ఉప్పునీళ్లలో అయాన్ల చుట్టూ నీటి అణువులు కిక్కిరిసి ఉంటాయి. అయానిక ద్రవంలో నీళ్లు లేవు, నూనె లేదు, అంతా ధన అయాన్లు, రుణ అయాన్లే. మన వంటింటి ఉప్పును కూడా ద్రవంగా మార్చవచ్చు, కాకపోతే 801 డిగ్రీల కొలిమి కావాలి. 100 డిగ్రీల లోపే కరిగే లవణాలన్నిటినీ అయానిక ద్రవాలని పిలుస్తున్నారు. ఈ 100 అనే గీత ప్రకృతి గీసింది కాదు. నీళ్లు మరిగే వేడి కాబట్టి గుర్తుంచుకోవడం తేలికని పెట్టుకున్నదే.

ఒక ఉప్పుకు కొలిమి కావాలి, ఇంకో ఉప్పు గది వేడికే ఎందుకు కరిగి ఉంటుంది? పండ్ల మార్కెట్‌లో బత్తాయిలు పేర్చేవాళ్లను చూస్తే ఇది అర్థమవుతుంది. గుండ్రటి కాయలు వరసలు వరసలుగా కుదురుకుంటాయి, కదిపినా చెదరవు. సోడియం, క్లోరైడ్ అయాన్లు అలాంటివే. చిన్నవి, గుండ్రటివి, ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుని బిగుసుకుంటాయి. అదే లారీలో పనసకాయలు ఎక్కిస్తే ఎంత నేర్పరి అయినా సందులు మిగులుతాయి. అయానిక ద్రవాల్లో ధన అయాన్ ఆ పనసకాయ లాంటిది. ఎక్కువగా వాడే ఇమిడజోలియం అయాన్‌నే తీసుకుంటే, అయిదు మూలల వలయానికి ఒకవైపు పొట్టి తోక, ఇంకోవైపు పొడుగు తోక ఉంటాయి. విద్యుదావేశం ఒక్కచోట పోగుపడకుండా వలయమంతా పరుచుకుని ఉంటుంది. స్ఫటికంలా కుదురుకోవడానికి ఆ ఆకారం సహకరించదు, లాగి పట్టుకునే బలమూ తక్కువే. అందుకే కొద్దిపాటి వేడికే అయాన్లు జారిపోతుంటాయి. కానీ ఎంత జారినా అవి ప్లస్సులు, మైనస్సులే. ఒకదాన్నొకటి వదిలి గాల్లోకి లేచిపోవడం మాత్రం వాటికి చాలా కష్టం. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి, వీటికి కలిసొచ్చిందీ అదే, అడ్డుపడిందీ అదే.

వీటిని మొదట ఎవరు చేశారన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు పాల్ వాల్డెన్ పేరు చెబుతాయి. రీగా నగరంలో పనిచేసిన ఈ కెమిస్టు 1914లో ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ గురించి రాశాడు. అది 12 డిగ్రీలకే కరుగుతుందని నమోదు చేశాడు. (కోలిన్, యూరియా మిశ్రమానిదీ అదే అంకె కావడం కాకతాళీయం.) అయితే అంతకు మూడేళ్ల ముందే, 1911లో, కలకత్తా నుంచి ప్రఫుల్ల చంద్ర రే, జితేంద్రనాథ్ రక్షిత్ లండన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో ఇథైల్ అమ్మోనియం నైట్రైట్ మీద వ్యాసం ప్రచురించారు. అదీ ఇదే జాతి లవణం. నైట్రైట్ల మీద రే ఏళ్ల తరబడి పనిచేశాడు, అందులో భాగంగా తేలిన పదార్థం ఇది. దీనికంటూ ఒక కుటుంబం ఉందని, పేరు పెట్టాలని వాల్డెన్ అనుకోలేదు, రే కూడా అనుకోలేదు. తర్వాత కొన్ని దశాబ్దాలు ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. 1934లో చార్లెస్ గ్రేనాకర్ అనే కెమిస్టు కరిగిన పిరిడీనియం లవణాల్లో సెల్యులోజ్‌ను, అంటే పత్తిలో కలపలో ఉండే పీచు పదార్థాన్ని, కరిగించవచ్చని పేటెంట్ తీసుకున్నాడు. 1951లో అమెరికాలో హర్లీ, వియర్ అనే ఇద్దరు అల్యూమినియం పూత వేయడానికి ఇలాంటి లవణాన్నే వాడారు. ఎవరి పని వాళ్లది, ఎవరూ వీటన్నిటినీ కలిపి చూడలేదు.

కలిపి చూసింది యుద్ధ అవసరం. క్షిపణుల్లో థర్మల్ బ్యాటరీలు ఉంటాయి. వాటిలో ఎలక్ట్రోలైట్, అంటే కరెంటును మోసే పదార్థం, మామూలుగా గట్టి ఉప్పు. పేల్చేముందు లోపల వేడి పుట్టించి ఆ ఉప్పును కరిగిస్తే కరెంటు వస్తుంది. కానీ లిథియం, పొటాషియం క్లోరైడ్ల మిశ్రమం కరగడానికి 350 డిగ్రీల పైన వేడి కావాలి, అంత వేడి పక్కనున్న పరికరాలకు మంచిది కాదు. కొలరాడోలోని అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో జాన్ విల్క్స్, చార్లెస్ హసీ తదితరులు తక్కువ వేడికి కరిగే ఉప్పు కోసం వెతికి, 1982లో ఇమిడజోలియం క్లోరోఅల్యూమినేట్లను బయటపెట్టారు. గది వేడికే ద్రవం. ఒకే ఒక్క ఇబ్బంది, గాలిలో తేమ తగిలితే చాలు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగలు కక్కేది. గ్లవ్ బాక్సు, అంటే గాలి చొరబడని పెట్టె, లేనిదే ముట్టుకునే వీల్లేదు. 1992లో విల్క్స్, జావోరోట్కో కలిసి అల్యూమినియం క్లోరైడ్ స్థానంలో టెట్రాఫ్లోరోబోరేట్ పెట్టి, గాలికీ నీటికీ తట్టుకునే రకం చేశారు. ఇక మామూలు ల్యాబు బల్ల మీద, మామూలు సీసాలో పెట్టుకోవచ్చు. ఏడాదికి పదుల్లో వచ్చే పరిశోధన వ్యాసాలు వేలల్లోకి వెళ్లడానికి ఆ ఒక్క మార్పు దారి తీసింది.

సమయం కూడా కలిసొచ్చింది. 1990ల్లో పరిశ్రమలను వేధిస్తున్న మాట ద్రావణుల ఆవిరి. రంగులు, మందులు, పురుగుమందులు ఏవి తయారుచేసినా టోలీన్, డైక్లోరోమీథేన్, ఈథర్ లాంటి ద్రావణులు కావాలి. మందుల తయారీలో నీటిని పక్కనపెట్టి తూకం వేస్తే, వాడే సరుకులో సింహభాగం ద్రావణిదే. అది గాలిలో కలుస్తుంది, వాసన కొడుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఒక మందుల ఫ్యాక్టరీలో 17 మంది చనిపోయారు. మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ అనే ద్రావణి లీకై, ఆవిరి అంటుకోవడం వల్లే పేలుడు జరిగిందని అధికారులు చెప్పారు. ఆ ద్రావణి 55 డిగ్రీలకే మరుగుతుంది. మన కోస్తా ఎండల్లో అది సీసాలోంచి బయటపడితే ఎంతసేపు ద్రవంగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అలాంటి చోట ఆవిరే కాని ద్రవం ఉందంటే ఎవరికి ఆశ పుట్టదు? అయానిక ద్రవాన్ని మూత తీసిన గిన్నెలో నెలలపాటు ఉంచినా తగ్గదు. తగ్గకపోగా గాలిలో తేమ పీల్చుకుని కొంచెం పెరిగినా పెరుగుతుంది. జపాన్‌లోని ఒసాకా యూనివర్సిటీలో ఒక చుక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు శూన్యంలో పెట్టారు. నీళ్లయితే క్షణంలో మరిగి మాయమయ్యేది, ఇది చెక్కు చెదరకుండా నిలిచింది. 2015 డిసెంబరులో బయలుదేరిన లీసా పాత్‌ఫైండర్ అంతరిక్ష నౌకలో అతి సన్నటి తోపుడు ఇంజన్లకు ఇంధనంగా అయానిక ద్రవాన్నే నింపారు. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో 1999లో దీనికోసమే ఒక కేంద్రం పుట్టింది. అక్కడి కెన్ సెడన్ ఒక లెక్క వేసి చెప్పేవాడు. పరిశ్రమలో వాడే మామూలు ద్రావణులు కొన్ని వందలు. ధన, రుణ అయాన్లను జతపరుస్తూ పోతే అయానిక ద్రవాలు పది లక్షలు వస్తాయి. ఆ ద్రవాలను మూడేసి కలిపితే పదివేల కోటి కోట్ల మిశ్రమాలు. కావలసిన గుణం చెబితే తగిన ద్రవాన్ని కుట్టించుకోవచ్చు, దర్జీకి కొలతలిచ్చినట్టు. డిజైనర్ సాల్వెంట్స్ అన్న పేరు అలా వచ్చింది. పచ్చ ద్రావణులు అన్న పేరూ అప్పుడే అంటుకుంది, అది మాత్రం తొందరపాటు.

ఎందుకంటే ద్రావణి అన్నది పని అయ్యాక పోవలసిన వస్తువు. ఏ మందుల ఫ్యాక్టరీలో చూసినా సగం యంత్రాలు రసాయన చర్య చేయించడానికి కాదు, చర్య ముగిశాక ద్రావణిని తోలేయడానికి ఉంటాయి. టోలీన్ అయితే వేడి చేసి ఆవిరిగా లాగేసి, చల్లార్చి, మళ్లీ డ్రమ్ములో పట్టుకుంటారు. అడుగున మందు మిగులుతుంది. ఆవిరి కాని ద్రావణితో ఆ దారి మూసుకుపోయింది. తయారైన మందే ఆవిరయ్యే రకమైతే దాన్నే పైకి లాగవచ్చు. మందుల్లో ఎక్కువ భాగం ఆవిరవవు, వేడికి మాడిపోతాయి. మరి అయానిక ద్రవంలోంచి మందును బయటికి తీసేదెలా?

2000ల తొలి ఏళ్లలో హైదరాబాద్‌లోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ)లో జె.ఎస్. యాదవ్ బృందం అయానిక ద్రవాల్లో రకరకాల రసాయన చర్యలు చేయించి వరసగా వ్యాసాలు ప్రచురించింది. ప్రపంచమంతా ఆ ఊపులోనే ఉంది. చర్యలు వేగంగా జరిగేవి, దిగుబడులు బాగుండేవి. అయితే ఆనాటి ఏ దేశపు వ్యాసమైనా తీసి ప్రయోగ పద్ధతి దాకా చదివితే ఒక వాక్యం చాలాసార్లు ఎదురవుతుంది: చర్య ముగిశాక మిశ్రమాన్ని ఈథర్‌తో మూడు నాలుగు సార్లు కడిగి ఉత్పత్తిని వేరుచేశాం. ఈథర్ వద్దనే కదా ఇదంతా మొదలుపెట్టింది! వీధి గుమ్మంలోంచి పంపించేసిన చుట్టం పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చినట్టయింది. ల్యాబులో పది గ్రాముల దగ్గర ఇది పెద్దగా కనిపించదు. జీడిమెట్లలోనో పరవాడలోనో అయిదు వేల లీటర్ల రియాక్టర్ నడిపే మేనేజరుకు మాత్రం మొదట కనిపించేది ఇదే. కిలోకు వందల డాలర్లు పెట్టి కొన్న ద్రవంలో కొంత ప్రతి బ్యాచ్‌లోనూ పోతుంటే, మందులో దాని ఆనవాలు ఎంత మిగిలిందో విడిగా పరీక్షించాల్సి వస్తే, టోలీనే నయమనిపిస్తుంది. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

వ్యాసాలు వేలల్లో ఉన్నా, అయానిక ద్రవాలు కాలు మోపిన ఫ్యాక్టరీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చన్నది అందుకే. ఆ కొద్ది చోట్లను వరసగా చూస్తే ఒక పోలిక దొరుకుతుంది. ఎక్కడా అది మామూలు ద్రావణి పనిలో లేదు. ఎక్కడుంటే అక్కడే నిలిచి, తోలేయాల్సిన అవసరం లేని ఉద్యోగం దొరికిన చోటే నిలదొక్కుకుంది.

మొదటిది జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్‌ది. లుడ్విగ్‌షాఫెన్‌లో రంగులు, పూతలు గట్టిపరిచే రసాయనాలకు ముడిసరుకుగా ఫాస్ఫీన్ పదార్థాలు చేసేవారు. ఆ చర్యలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది, దాన్ని అప్పటికప్పుడు పట్టేయకపోతే సరుకు చెడుతుంది. పట్టడానికి ట్రైఇథైల్ అమీన్ అనే క్షారం కలిపేవారు. ఆమ్లం, క్షారం కలిస్తే ఉప్పు, ఇక్కడ ఆ ఉప్పు గట్టి పొడి. అదంతా ద్రవంలో తేలుతూ రియాక్టరును ఉప్మా గిన్నెలా చేసేది. కలియబెట్టడం కష్టం, వడకట్టడం ఇంకా కష్టం. ఆ ముద్దలో వేడి బయటికి పోదు కాబట్టి నిదానంగా నడపాలి. క్షారాన్ని మార్చి చూశారు. ట్రైఇథైల్ అమీన్ బదులు మిథైల్ ఇమిడజోల్. దాని ఉప్పు 75 డిగ్రీలకు కరుగుతుంది, చర్య నడిచేది అంతకంటే కొంచెం ఎక్కువ వేడిలో. అంతే, ముద్ద లేదు. కలియబెట్టడం ఆపగానే పైన ఒక పొర, కింద ఒక పొర, నూనె నీళ్లు విడిపోయినట్టు. పై పొర సరుకు, కింది పొర అయానిక ద్రవం. కింది దానికి కాస్టిక్ సోడా కలిపితే మిథైల్ ఇమిడజోల్ తిరిగి వచ్చేస్తుంది. పైగా అదే ఉత్ప్రేరకంలా కూడా పనిచేసి చర్యను పరుగులు పెట్టించింది. దిగుబడి 50 శాతం నుంచి 98కి చేరింది. గదంత రియాక్టరు పోయి బొటనవేలంత జెట్ రియాక్టరు వచ్చింది. ఘనపు మీటరు చోటులో గంటకు 8 కిలోలు తయారయ్యేది కాస్తా, అదే చోటుకు లెక్కగట్టితే 6,90,000 కిలోలయింది. 2002లో నడపడం మొదలుపెట్టిన ఈ పద్ధతికి బేసిల్ అని పేరు పెట్టారు, తులసి జాతి మొక్క పేరు.

గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ అయానిక ద్రవాన్ని ఎవరూ కొని తెచ్చి పోయలేదు. చెత్తగా పుట్టే ఉప్పునే ద్రవంగా పుట్టేట్టు చేశారు. సరుకులో అది కలవదు కాబట్టి వేరుచేసే బాధ లేదు.

రెండోది మలేసియాది. సహజవాయువులో పాదరసం ఆనవాళ్లు ఉంటాయి. గ్యాసును చల్లబరిచే యంత్రాలు అల్యూమినియంవి, పాదరసం అల్యూమినియాన్ని చెదపురుగులా తింటుంది. 1973లో అల్జీరియాలోని స్కిక్దా ప్లాంటులో ఆ యంత్రం ఇలాగే దెబ్బతిన్నాకే పరిశ్రమకు ఈ సంగతి ఒంటబట్టింది. పెట్రోనాస్ కంపెనీ బెల్‌ఫాస్ట్ కేంద్రంతో కలిసి, రాగి ఉన్న అయానిక ద్రవాన్ని సిలికా గుళికల సన్నటి రంధ్రాల్లోకి పీల్పించింది. గ్యాసు ఆ గుళికల మధ్య నుంచి పోతుంది, పాదరసం అయాన్‌గా మారి లోపలే చిక్కుబడుతుంది. ఆవిరి కాని ద్రవం కాబట్టి గ్యాసుతో కొట్టుకుపోదు. 2011 నుంచి వాడుతున్నారు. మామూలు ద్రావణిని ఇలా వాడాలనుకుంటే త్వరలోనే గుళికలు ఎండిపోతాయి.

మూడోది పెట్రోల్‌ది. పెట్రోల్‌లో కలిపే, ఆక్టేన్ ఎక్కువ ఉండే ఆల్కిలేట్ అనే సరుకు తయారుచేయాలంటే బలమైన ఆమ్లం ఉత్ప్రేరకంగా కావాలి. చాలా రిఫైనరీలు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతాయి. లీకైతే అది నేలబారుగా మేఘంలా పాకుతుంది, ఊపిరితిత్తులను, ఎముకలను కూడా వదలదు. 2019 జూన్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియా రిఫైనరీలో పేలుడు జరిగినప్పుడు 2,300 కిలోలకు పైగా ఆ ఆమ్లం బయటపడింది. ఊరి అదృష్టం బాగుండి పెద్ద ముప్పు తప్పింది, రిఫైనరీ మాత్రం మూతపడింది. షెవ్రాన్ కంపెనీ తన సాల్ట్‌లేక్ సిటీ రిఫైనరీలో అలాంటి యూనిట్‌నే మార్చి, 2021లో అయానిక ద్రవంతో నడపడం మొదలుపెట్టింది. రోజుకు 5,000 బ్యారెళ్ల సామర్థ్యం. వాడేది ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పొగలు కక్కిన క్లోరోఅల్యూమినేట్ల జాతి ద్రవమే. తేమకు పాడవుతుందన్నది నిజమే, కానీ మూసిన గొట్టాల్లో, ఎండబెట్టిన ముడిసరుకుతో నడిచేచోట అది పెద్ద లోపం కాదు. ల్యాబులో పనికిరాదని పక్కనపెట్టింది రిఫైనరీలో పనికొచ్చింది. చైనాలో బీజింగ్ పెట్రోలియం యూనివర్సిటీ వారు తమ సొంత రకంతో ఇదే దారిన వెళ్లారు.

హైడ్రోజన్ కంప్రెసర్లలో ఇనప పిస్టన్ బదులు అయానిక ద్రవపు స్తంభాన్ని పైకీ కిందికీ ఆడించే, గ్యాసుల కంపెనీ లిండే వారి యంత్రం కూడా ఈ కోవలోదే. ద్రవం ఆవిరవదు, హైడ్రోజన్ అందులో దాదాపు కరగదు, గ్యాసులో నూనె మరకలు ఉండవు.

బ్యాటరీల దగ్గరికి వస్తే ఆశ ఎక్కువ, అమలు తక్కువ. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు ఇళ్లలో పేలి మనుషులు చనిపోయాక, లోపల ఉండేది మండే ద్రవమని చాలామందికి మొదటిసారి తెలిసింది. లిథియం సెల్‌లో కార్బొనేట్ ద్రావణులు ఉంటాయి, సెల్ లోపల అదుపు తప్పి వేడెక్కితే మంటకు అవే మేత. తేలిగ్గా అంటుకోని అయానిక ద్రవాన్ని వాటి బదులు పోయవచ్చు కదా అన్నది సహజమైన ఆలోచన. అడ్డం వచ్చేది చిక్కదనం. ఆముదంలాంటి ద్రవంలో లిథియం అయాన్లు మెల్లగా కదులుతాయి, కాబట్టి చార్జింగ్ కూడా మెల్లగానే. ధర సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే కొద్ది పాళ్లలో కలిపి చూస్తున్నారు. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో హోంగ్‌జీ డై బృందం చేసిన అల్యూమినియం బ్యాటరీది ఇంకో దారి. నిమిషంలో చార్జ్ అయి, 7,500 సార్లు వాడినా నీరసపడలేదు. ఎలక్ట్రోలైట్ మళ్లీ అదే క్లోరోఅల్యూమినేట్. కాకపోతే లిథియం సెల్‌లో పట్టేంత కరెంటు అందులో పట్టదు, ఫోన్లలోకి రాకపోవడానికి అదో కారణం.

ఇక పచ్చదనం మాట. ఆవిరి కాదు కాబట్టి గాలిని చెడగొట్టదన్నది నిజం. దాన్నే పట్టుకుని దేన్నీ చెడగొట్టదనుకోవడమే పొరపాటు. 2003లో అలబామాలో రాబిన్ రోజర్స్ బృందమే, అంటే వీటిని అందరికంటే గట్టిగా ప్రచారం చేసినవాళ్లే, హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ ఉన్న ద్రవాలు నీటితో విడిపోయి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టిస్తాయని హెచ్చరించారు. ఆ తర్వాత ఇటలీలో జీబ్రా చేపల మీద పరీక్షించి కొన్ని రకాలు వాటిని చంపుతాయని చూపించారు. ధన అయాన్‌కు ఉండే తోక పొడుగయ్యేకొద్దీ విషం పెరుగుతుంది, ఎందుకంటే అది సబ్బులా మారి కణాల పొరల్లోకి దూరుతుంది. ఉత్తర ఇంగ్లండులో ఒక చెత్తకుప్ప దగ్గరి మట్టిలో న్యూకాజిల్ యూనివర్సిటీ వారికి ఎనిమిది కార్బన్ల తోక ఉన్న ఇమిడజోలియం దొరికింది. దానికీ ఒక రకం కాలేయ జబ్బుకూ సంబంధం ఉండవచ్చని 2018లో ప్రచురించారు. గాలిలోకి పోనిది నీళ్లలోకి పోతుంది, నీళ్లలో చాలాకాలం ఉండిపోతుంది. బ్యాటరీల్లో ఎక్కువగా మెచ్చుకునే బిస్‌ట్రైఫ్లిమైడ్ అయాన్‌ను, ఎన్నటికీ చివకని ఫ్లోరిన్ రసాయనాల జాబితాలో చేర్చే పరిస్థితి వచ్చింది. మరోవైపు కోలిన్, అమినో ఆమ్లాల వంటివాటితో చేసినవి తేలిగ్గా చివికిపోతాయి. అంటే అయానిక ద్రవం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదు, ఉప్పు మంచిదా అన్నట్టే ఉంటుంది. వంటింటి ఉప్పూ ఉప్పే, సయనైడూ ఉప్పే.

(చీమలకు ఈ విద్య ముందే తెలుసు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఫైర్ యాంట్ విషం చిమ్మితే, క్రేజీ యాంట్ తన ఫార్మిక్ ఆమ్లాన్ని ఒళ్లంతా పూసుకుంటుంది. రెండూ కలిసి చిక్కటి అయానిక ద్రవం అవుతాయని 2014లో తేలింది. చీమ బతికి బయటపడుతుంది.)

ఇప్పుడు అందరి చూపూ బట్టల మీద ఉంది. కలప గుజ్జులోని సెల్యులోజ్ నీటిలో కరగదు, మామూలు ద్రావణుల్లోనూ కరగదు. ఆ గుజ్జుతో విస్కోస్ రేయాన్ అనే దారం చేయాలంటే కార్బన్ డైసల్ఫైడ్ కావాలి, అది నరాలను దెబ్బతీసే విషం. ములుగు జిల్లా కమలాపురంలో 2014లో ఉత్పత్తి ఆగిపోయిన ఫ్యాక్టరీ, ఇలాంటి రేయాన్ కోసమే కలప గుజ్జు చేసి పంపేది. 2002లో రోజర్స్ బృందం ఇమిడజోలియం క్లోరైడ్‌లో సెల్యులోజ్ నేరుగా కరిగిపోతుందని చూపించింది, గ్రేనాకర్ పాత పేటెంటుకు అలా మళ్లీ ప్రాణం వచ్చింది. ఫిన్లాండులోని ఆల్టో యూనివర్సిటీలో హెర్బర్ట్ సిక్స్టా బృందం ఇంకో రకం ద్రవంతో ఐయోన్‌సెల్ అనే దారం తీసింది. కలపే కాదు, పాత జీన్స్ ప్యాంట్లు, పాత న్యూస్‌పేపర్లు కూడా అందులో కరిగి కొత్త దారంగా వస్తాయి. 2018 డిసెంబరులో ఆ దేశ స్వాతంత్ర్య దినోత్సవ విందుకు అప్పటి అధ్యక్షుడి భార్య యెన్ని హౌకియో బిర్చ్ చెట్టు కలప నుంచి తీసిన ఐయోన్‌సెల్ గౌను తొడుక్కుని వచ్చారు.

ధర విషయంలోనూ కొంత కదలిక ఉంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో జేసన్ హాలెట్ బృందం చెత్త కలపను, గడ్డిని విడగొట్టడానికి ట్రైఇథైల్ అమ్మోనియం హైడ్రోజన్ సల్ఫేట్ వాడింది. అమీన్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే చాలు తయారవుతుంది. పెద్ద ఎత్తున చేస్తే కిలో ఒకటింబావు డాలర్లకు వస్తుందని 2014లో లెక్కగట్టారు, అంటే అసిటోన్, టోలీన్ల ధర స్థాయికి వచ్చినట్టు.

అయినా దారం తీసే పనిలో ఈ ద్రవం మళ్లీ ద్రావణి ఉద్యోగంలోకే వచ్చి పడింది. సెల్యులోజ్‌ను కరిగించాలి, సన్నటి రంధ్రాల్లోంచి నీళ్ల తొట్టిలోకి వదలాలి, దారం గట్టిపడాక ద్రవమంతా నీళ్లలో ఉండిపోతుంది. ఆ నీళ్లను మరిగించి తోలేసి, ద్రవాన్ని తిరిగి పట్టుకోవాలి. ఇక్కడే లెక్క తేలాలి. వంద కిలోల ద్రవంతో మొదలుపెట్టి ప్రతిసారీ 99 శాతం తిరిగి పట్టగలిగితే గొప్పే అనిపిస్తుంది. వందసార్లు తిప్పాక చూస్తే మిగిలేది 37 కిలోలు. అదే 99.9 శాతం పట్టగలిగితే 90 కిలోలు మిగులుతాయి. టెన్సెల్ పేరుతో మార్కెట్లో ఉన్న లయోసెల్ దారం వేరే ద్రావణితో ఇప్పటికే 99 శాతం దాటి నడుస్తోంది, పోటీ దానితో. ఆ గౌను కుట్టవచ్చని 2018లోనే తేలిపోయింది. పోయిన ఆ 63 కిలోలు కొత్తగా ఎవరు కొనిపెడతారు, పాతవి ఏ వాగులో కలుస్తాయి అన్నదే ఇప్పుడు ఇంజనీర్ల బల్ల మీదున్న పని.